పాత కార్బురేటర్ ఇంజన్‌కు వాక్యూమ్ గేజ్ ఎంతవరకు ఉపయోగపడుతుంది?

అరచేతిలో ఇమిడే గుండ్రని డయల్, మీటరుకు కాస్త తక్కువ పొడవున్న రబ్బరు గొట్టం, నాలుగైదు ఇత్తడి, ప్లాస్టిక్ అమరికలు, మడతపెట్టిన ఒక కాగితం. పెట్టెలో ఉన్నవి ఇంతే. డయల్ మీద రెండు కొలతలు ఉంటాయి: ఒకటి 0 నుంచి 30 అంగుళాల పాదరసం వరకు వాక్యూమ్‌ను (బయటి గాలి కంటే పీడనం ఎంత తగ్గిందో), రెండవది 0 నుంచి 10 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు పెట్రోలు పంపు పీడనాన్ని చూపుతుంది. ఇదే నమూనా గేజ్ దాదాపు ఇవే రంగుపట్టీలతో అనేక పేర్ల మీద అమ్ముడవుతున్నది కనుక, నేను రాస్తున్నది ఫలానా కంపెనీ సరుకు గురించి అనుకోకుండా ఈ రకం పనిముట్టు గురించి అని చదువుకోవచ్చు. ముప్పై ఏళ్లు దాటిన నాలుగు సిలిండర్ల కారు మీద, అంటే కార్బురేటరు (పెట్రోలును గాలిలో కలిపే భాగం), ఇంజన్ కదలికతోనే పనిచేసే పెట్రోలు పంపు, కాంటాక్ట్ పాయింట్లున్న (తెరుచుకున్నప్పుడల్లా నిప్పురవ్వ పుట్టించేవి) డిస్ట్రిబ్యూటరు (ఆ నిప్పురవ్వను ఒక్కొక్క సిలిండరుకు పంచే భాగం) గల ఇంజన్ మీద దీన్ని ఏడాదిగా వాడుతున్నాను. అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ గేజ్ సూది నమ్మదగినదే గాని, దానితో వచ్చిన అమరికలను, డయల్ మీద అచ్చువేసిన తీర్పులను నమ్మడానికి లేదు.

దీన్ని కొనే సమయానికి కారు పరిస్థితి ఇలా ఉండేది. నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ గతుకుల మీద నడుస్తున్నట్టు వణికేది. యాక్సిలరేటరు మీద మెల్లగా కాలు మోపితే ఒక్క క్షణం ఊపిరి పట్టినట్టు ఆగి, ఆ తరువాత అందుకునేది. వేగం పుంజుకున్న తరువాత మాత్రం జబ్బేమీ లేనట్టే నడిచేది. ఉదయం స్టార్ట్ కావడానికి సెల్ఫ్ కొట్టవలసిన సమయం వారం వారం పెరుగుతూ వచ్చి, ఒకనాడు ఎంత కొట్టినా అసలు స్టార్ట్ కాలేదు. అంతకుముందే స్పార్క్ ప్లగ్గులు, హైటెన్షన్ వైర్లు, డిస్ట్రిబ్యూటరు మూత, రోటరు మార్చడం అయింది. కార్బురేటరును విప్పి కడిగించడం కూడా అయింది. ఒక్కొక్క భాగం మార్చినప్పుడల్లా ఒకటి రెండు రోజులు ఇంజన్ బాగుపడినట్టే తోచేది. డబ్బు ఖర్చు చేసిన వాడి చెవికి ఇంజన్ చప్పుడు కొన్నాళ్లు మధురంగానే వినిపిస్తుంది కనుక ఆ అనిపించడానికి విలువ లేదని తరువాత తెలిసింది.

గేజ్ దేన్ని కొలుస్తుందో ఒకసారి స్పష్టంగా అనుకుంటే మిగిలిన సంగతులు తేలికగా అర్థమవుతాయి. ఇంజన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా నడుస్తూ ఉన్నప్పుడు, గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉంటుంది; పిస్టన్లు మాత్రం కిందికి దిగిన ప్రతిసారీ గాలిని లాగుతూనే ఉంటాయి. లాగే గాలికి దారి ఇరుకైనందువల్ల థ్రాటిల్‌కు, సిలిండర్లకు మధ్య ఉన్న ఇంటేక్ మానిఫోల్డ్‌లో పీడనం బయటి వాతావరణం కంటే బాగా తగ్గిపోతుంది. ఆ తేడాయే సూది చూపే సంఖ్య. ఆరోగ్యంగా ఉన్న సాధారణ ఇంజన్‌లో, సముద్ర మట్టానికి దగ్గరి ఎత్తులో, ఇది 17 నుంచి 22 అంగుళాల మధ్య కదలకుండా నిలబడుతుంది. వాల్వులు, పిస్టన్ రింగులు, ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం), పెట్రోలు మిశ్రమం, గ్యాస్కెట్ల బిగువు, వీటిలో ఏది చెడినా పిస్టన్ల లాగుడు సామర్థ్యమో, గాలి వచ్చే దారో మారుతుంది కనుక ఆ మార్పు సూది మీద కనిపించి తీరుతుంది. ఇన్ని విషయాలను ఒకే చోట కొలవడం ఈ పనిముట్టు బలం. ఇన్నింటినీ ఒకే సంఖ్యలో కలిపేయడం దాని బలహీనత కూడా.

మొదటి రోజే నాకు ఎదురైన ఇబ్బంది గొట్టాన్ని ఎక్కడ తగిలించాలన్నది. డిస్ట్రిబ్యూటరు వాక్యూమ్ అడ్వాన్స్‌కు (వాక్యూమ్‌తో నిప్పురవ్వను ముందుకు జరిపే ఏర్పాటుకు) వెళ్లే సన్నని గొట్టం చేతికి సులువుగా అందుతుంది కనుక దాన్ని ఊడదీసి అక్కడ గేజ్ పెట్టాను. సూది సున్నా దగ్గరే ఉండిపోయింది. అనేక కార్బురేటర్లలో ఆ రంధ్రం థ్రాటిల్ పలకకు పైభాగాన ఉంటుందని, పలక తెరుచుకుంటే తప్ప అక్కడ వాక్యూమ్ ఉండదని, గేజ్‌ను ఎప్పుడూ థ్రాటిల్‌కు దిగువన, నేరుగా మానిఫోల్డ్‌కే తగిలించాలని కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు. అక్షరాలు చీమ తలల కంటే చిన్నవిగా ఉన్న ఆ కాగితంలో గేజ్‌ను ఎండలో పెట్టవద్దన్న హెచ్చరిక మాత్రం రెండుసార్లు ఉంది. మొదటిసారి వాడేవారికి అన్నింటికంటే ముందు కావలసిన సమాచారం ఇది. దీన్ని వదిలేసినందుకు తయారీదారుకు నేను మార్కులు తగ్గిస్తాను.

స్టార్ట్ కాని ఇంజన్ విషయంలో గేజ్ ఎంత సాయం చేస్తుందన్న సందేహం చాలామందికి ఉంటుంది. నా అనుభవంలో అది దోషాన్ని చూపించలేదు గాని, దోషం ఎక్కడెక్కడ లేదో చూపించింది. ముందుగా బ్యాటరీని మల్టీమీటరుతో కొలిచాను: విశ్రాంతిలో 12.6 వోల్టులు, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10కి పైన. ఇంజన్ తగినంత వేగంగానే తిరుగుతున్నదన్నమాట. తరువాత గేజ్‌ను మానిఫోల్డ్‌కు తగిలించి, థ్రాటిల్ పూర్తిగా మూసి ఉంచి సెల్ఫ్ కొట్టించాను. సూది 3 అంగుళాల దగ్గర దాదాపు స్థిరంగా నిలిచింది. సెల్ఫ్ వేగంలో ఇంజన్ లాగగలిగేది అంతే. ఆ మాత్రం చూపించిందంటే వాల్వులను నడిపే టైమింగ్ చెయిన్ తెగలేదని, వాల్వులు కదులుతున్నాయని, మానిఫోల్డ్‌కు పెద్ద చిల్లు ఏదీ పడలేదని అర్థం. సూది సున్నాను వదలకపోతే కథ వేరుగా ఉండేది. అప్పుడు వాల్వు మూత విప్పి, వాల్వులను తెరిచే క్యామ్ తిరుగుతున్నదో లేదో ముందు చూడవలసి వచ్చేది.

ఆ తరువాత పెట్రోలు వైపు. కార్బురేటరు దగ్గర పెట్రోలు గొట్టాన్ని ఊడదీసి గేజ్‌ను పంపు బయటి ద్వారానికి తగిలించి, నిప్పురవ్వకు వోల్టేజి పెంచే ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టిస్తే సూది నాలుగైదు తిరుగుళ్లలోనే 4 పి.ఎస్.ఐ.కి చేరింది, సెల్ఫ్ ఆపిన తరువాత కూడా వెంటనే జారిపోకుండా నిలిచింది. ఈ రకం పంపులు సాధారణంగా 3 నుంచి 6 పి.ఎస్.ఐ. వరకు ఇస్తాయి కనుక పంపు డయాఫ్రమ్, దానిలోపలి వాల్వులు పనిచేస్తున్నాయని తేలింది. పంపు దాకా పెట్రోలు వస్తున్నదని, లోపలికి లాగే గొట్టంలో పగుళ్లు లేవని కూడా దీనివల్లనే తెలిసింది. ఆ గొట్టం పగిలితే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కంటికి చుక్క కూడా కనిపించదు గనుక దాన్ని పట్టుకోవడం కష్టం. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరును తొందరగా పాడుచేస్తుంది కాబట్టి ఈ వయసు కార్లలో ఆ అనుమానం ఎప్పుడూ ఉండవలసిందే.

గాలి, బిగువు, పెట్రోలు ఉన్నాయి. మిగిలింది నిప్పురవ్వ. దానికి గేజ్ పనికిరాదు. 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు కలిపిన టెస్ట్ ల్యాంపు ఆ పని చేసింది. ఇగ్నిషన్ తాళం తిప్పి కాయిల్ ధన ధ్రువం దగ్గర పెడితే వెలిగింది. రుణ ధ్రువం దగ్గర పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే, పాయింట్లు తెరుచుకున్న ప్రతిసారీ వెలుగుతూ ఆరుతూ ఉండవలసిన బల్బు చీకటిగానే ఉండిపోయింది. పాయింట్లు తెరుచుకోవడమే లేదు. మూత తీసి చూస్తే, డిస్ట్రిబ్యూటరు క్యామ్‌ను రాసుకుంటూ పాయింటును తెరిచే ఫైబరు దిమ్మె అరిగిపోయి, 0.4 మిల్లీమీటర్లు ఉండవలసిన సందు కాగితం కూడా దూరనంతగా మూసుకుపోయింది. క్యామ్ మీద గ్రీజు ఆనవాలు లేదు. దిమ్మె అంత త్వరగా అరగడానికి అదే కారణం. కొత్త పాయింట్లు, దానితోపాటు కొత్త కండెన్సరు వేసి, సన్నని సందులను కొలిచే ఫీలర్ గేజ్‌తో సందు సరిచేసి, క్యామ్‌కు కొద్దిగా గ్రీజు రాసిన తరువాత ఇంజన్ రెండో తిరుగుడుకే అందుకుంది. ఉదయం పూట సెల్ఫ్ సమయం వారం వారం పెరుగుతూ రావడం కూడా అప్పుడే అర్థమైంది: సందు తగ్గే కొద్దీ పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, నిప్పురవ్వ అంతకంతకూ వెనుకబడుతుంది, చివరికి రావడమే మానేస్తుంది. అంత మంచి ప్లగ్గులను, వైర్లను నేను మార్చింది ఈ దిమ్మె అరుగుతున్న రోజుల్లోనే.

స్టార్ట్ అయింది గాని వణుకు పోలేదు. గేజ్ అసలు విలువ తెలిసింది ఇక్కడి నుంచే. ఇంజన్ వేడెక్కిన తరువాత సూది 12 అంగుళాల దగ్గర నిలిచింది. రంధ్రాలు, గ్యాస్కెట్లు, గొట్టాలు అన్నీ వెతుకుతూ రెండు గంటలు గడిపాను. చివరికి కారు బ్రేకు బూస్టరు (బ్రేకు తొక్కడాన్ని వాక్యూమ్‌తో తేలిక చేసే భాగం) గొట్టాన్ని, గేజ్ గొట్టాన్ని కలపడానికి పెట్టెలో ఇచ్చిన T ఆకారపు ప్లాస్టిక్ ముక్క (టీ) దగ్గర చెవి పెడితే సన్నగా ఈల వినిపించింది. గాలి లీకును వెతకడానికి కొన్న పనిముట్టే లీకవుతున్నది. ఆ ముక్కను పక్కన పడేసి, ఇత్తడి టీ ఒకటి వేసి, రెండు చివరలా క్లిప్పులు బిగించాక సూది 14కు ఎక్కింది. దీనికంటే పెద్ద లోపం ఈ పెట్టెలో ఇంకొకటి లేదు. లేని దోషాన్ని ఉన్నట్టు చూపించే పరికరం, ఏమీ చూపించని పరికరం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. కొన్నవారు మొట్టమొదట చేయవలసిన పని, గొట్టం చివరను నోటితో లాగి నాలుకతో మూసి సూది జారకుండా నిలుస్తున్నదో లేదో చూడటం. పెట్రోలు తగలని కొత్త గొట్టంతో మాత్రమే ఈ పరీక్ష చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు 14 అన్నది నిజమైన సంఖ్య. డయల్ మీద ఆ ప్రాంతంలో 'ఇగ్నిషన్ టైమింగ్ ఆలస్యం' అని అచ్చువేసి ఉంది. ఆలస్యం సంగతి నిజమే కావచ్చు. నిప్పురవ్వ ఆలస్యమైతే ప్రతి పేలుడు నుంచి దక్కే పని తగ్గుతుంది, ఐడిల్ నిలబెట్టడానికి థ్రాటిల్‌ను మరికాస్త తెరవవలసి వస్తుంది, తెరిచిన కొద్దీ వాక్యూమ్ పడిపోతుంది. అయితే మానిఫోల్డ్‌లోకి ఎక్కడి నుంచో గాలి చొరబడినా ఇదే సంఖ్య వస్తుంది. ఆ రెండింటిలో ఏదో సూది చెప్పదు. డయల్ మాత్రం చెప్పినట్టు నటిస్తుంది. అచ్చు మాట నమ్మి డిస్ట్రిబ్యూటరును తిప్పుకుంటూ పోయి, సూది అత్యధికంగా చూపించిన చోట బిగించేసేవారున్నారు. అలా చేస్తే టైమింగ్ అవసరానికి మించి ముందుకు పోయి, బరువు మీద ఇంజన్ నాకింగ్ (లోపల టకటకమని కొట్టుకోవడం) చేసే ప్రమాదం ఉంది. పాయింట్లు మార్చినప్పుడు ఎలాగూ చూడవలసిందే కనుక నేను వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి మూసేసి, టైమింగ్ లైటుతో (నిప్పురవ్వతోపాటే మెరిసే దీపంతో) పుల్లీ మీది గుర్తులను చూశాను. కొన్ని డిగ్రీలు వెనుకబడే ఉంది. మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు సరిచేస్తే సూది 16కు వచ్చి ఆగింది. అంటే రెండు దోషాలూ ఒకేసారి ఉన్నాయి. ఒకటి సరిచేసి ఆగిపోయి ఉంటే, సగం నయమైన ఇంజన్‌ను పూర్తిగా నయమైనదని పొరబడేవాడిని.

మిగిలిన లీకును పట్టడానికి వెతుకులాట క్రమంగా సాగించాను. బ్రేకు బూస్టరు గొట్టాన్ని ఒకసారి, క్రాంక్ కేసు నుంచి ఆవిరిని మానిఫోల్డ్‌లోకి పంపే వాల్వు గొట్టాన్ని ఒకసారి నొక్కిపట్టి చూస్తే సూదిలో చెప్పుకోదగిన మార్పు లేదు. తరువాత చిన్న సీసా నుంచి గ్యాస్కెట్ల అంచుల మీద కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ వచ్చాను. కార్బురేటర్ క్లీనరు చల్లేవారున్నారు గాని, అది తేలికగా అంటుకునే ద్రవం. వేడి ఎగ్జాస్ట్ పక్కన నీళ్లే మేలు. కార్బురేటరు అడుగున, దానికి మానిఫోల్డ్‌కు మధ్య వేడి పాకకుండా పెట్టే దిమ్మె అంచు మీద నీళ్లు పడగానే సూది ఒక్కసారి రెండు అంగుళాలు పైకి ఎగిరి, నీళ్లు లోపలికి పోయిన తరువాత మళ్లీ కిందికి దిగింది. దిమ్మె వంగిపోయి ఉంది. ఎన్నోసార్లు ఎవరెవరో నట్లను బలంగా బిగించినందువల్ల అంచులు కిందికి, నడుమ పైకి లేచింది. కొత్త దిమ్మె, రెండు వైపులా కొత్త గ్యాస్కెట్లు వేసి, నట్లను ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాక సూది 19 దగ్గర నిలిచింది.

వేగంగా నడిచేటప్పుడు లేని వణుకు ఐడిల్‌లోనే ఎందుకుండేదో ఈ లీకే వివరిస్తుంది. చొరబడే గాలి పరిమాణం దాదాపు ఒకటే. ఐడిల్‌లో ఇంజన్ తీసుకునే మొత్తం గాలే తక్కువ కనుక అందులో దొంగ గాలి పెద్ద వంతు అవుతుంది, మిశ్రమం పలచబడి కొన్ని సిలిండర్లలో అంటుకోదు. థ్రాటిల్ తెరిచిన తరువాత అసలు గాలి ముందు దొంగ గాలి లెక్కలోకి రాదు. కార్బురేటరును కడిగిన మెకానిక్ ఈ పలచదనాన్ని కప్పిపుచ్చడానికి ఐడిల్ మిశ్రమం స్క్రూను బాగా తెరిచిపెట్టాడు. ప్లగ్గుల మీద పొడి మసి పేరుకోవడానికి అదే కారణం. లీకు పోయాక ఆ స్క్రూను గేజ్ చూస్తూనే సరిచేశాను. సూది అత్యధికంగా ఎక్కే దాకా మెల్లగా తిప్పి, అక్కడి నుంచి పలచన వైపు సూది కొద్దిగా పడబోయే దాకా మూసి ఆపడం పాత పద్ధతి. చెవితో సరిచేసిన దానికంటే ఇది ఎంతో కచ్చితంగా కుదిరింది. ఈ ఒక్క పని కోసమైనా కార్బురేటరు కారు ఉన్నవారు ఈ గేజ్‌ను దగ్గర పెట్టుకోవచ్చు.

సంఖ్య సరిపోయాక సూది నడక మీద దృష్టి పెట్టాను. 19 దగ్గర నిలబడినా, గడియారం కొట్టినట్టు క్రమం తప్పకుండా రెండు అంగుళాలు కిందికి తొంగిచూసి వెనక్కి వస్తున్నది. ఇలాంటి కదలికలో క్రమం ఉందా లేదా అన్నదే ముఖ్యం. ప్రతిసారీ ఒకే వ్యవధిలో పడితే ఒకే సిలిండరు తన వంతు వచ్చిన ప్రతిసారీ తప్పుతున్నదని అర్థం. ఎప్పుడో ఒకసారి, లెక్క లేకుండా పడితే వాల్వు అప్పుడప్పుడు పట్టేస్తున్నదనో, ప్లగ్గు మధ్య మధ్య మిస్ అవుతున్నదనో అనుమానించాలి. ఒక్కొక్క ప్లగ్గు వైరును తీసి, గాలిలో వదలకుండా ఇంజన్ లోహానికి ఆనించి, ఒక్కొక్కసారి సూది ఎంత పడుతుందో రాసుకున్నాను. మూడు సిలిండర్లకు దాదాపు సమానంగా పడింది. మూడవ సిలిండరు వైరు తీసినప్పుడు మాత్రం చాలా తక్కువగా పడింది. ఆ సిలిండరు ఎలాగూ సరిగా పనిచేయడం లేదు కనుక దాన్ని ఆపినా ఇంజన్‌కు పెద్ద లోటు తెలియలేదు.

సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో కొలిచే కంప్రెషన్ గేజ్ తెచ్చి, ప్లగ్గులన్నీ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలిస్తే మూడవ సిలిండరు మిగిలిన వాటికంటే తక్కువగా ఉన్నదని రుజువైంది. ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచినా పెరగలేదు. రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందులను మూసి సంఖ్యను పెంచేది. పెరగలేదు కనుక వాల్వు వైపే చూడాలి. ట్యాపెట్ల సందు (వాల్వుకు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఖాళీ) కొలిస్తే మూడవ సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వుకు సందే లేదు. వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. సీసం కలిపిన పెట్రోలు కాలంలో తయారైన కొన్ని ఇంజన్లలో వాల్వు సీట్లు మెత్తని లోహంతో ఉండటం, సీసం లేని పెట్రోలుతో అవి క్రమంగా అరిగి వాల్వు లోపలికి దిగబడటం, దానితో ట్యాపెట్ సందు మూసుకుపోవడం తెలిసిన సంగతే. సందు సరిచేశాక సూది తొంగిచూపు రెండు అంగుళాల నుంచి అర అంగుళానికి తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఇక గేజ్ కట్టుబడి. సూదికి కుదుపును అణచే ఏర్పాటు ఏదీ లేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఐడిల్ దగ్గర ప్రతి లాగుడుకూ సూది కంపించి చదవడం కష్టమవుతుంది. గొట్టానికి చిన్న స్క్రూ క్లిప్పు తగిలించి కొద్దిగా బిగిస్తే కుదుపు తగ్గింది. మరీ బిగిస్తే అసలు చూడవలసిన తొంగిచూపు కూడా మాయమవుతుంది కాబట్టి మొదట పూర్తిగా వదిలి, తరువాత బిగించి, రెండు విధాలా చూస్తున్నాను. చేతి నుంచి ఒకసారి జారిపడినప్పటి నుంచి సూది సున్నా మీద కాకుండా అర అంగుళం పైన ఆగుతున్నది. సరిచేసే స్క్రూ ఇవ్వలేదు, లెక్కలో తీసేసుకోవలసిందే. ఇచ్చిన గొట్టం రెండు మూడు పెట్రోలు పరీక్షలకే మెత్తబడి ఉబ్బింది. పెట్రోలుకు పనికివచ్చే గొట్టం వేరుగా కొని, వాక్యూమ్‌కు ఒకటి, పెట్రోలుకు ఒకటి విడివిడిగా పెట్టుకున్నాను. పీడనం కొలిచిన గొట్టంలో నిలిచిన పెట్రోలు తరువాత మానిఫోల్డ్‌లోకి వెళ్లడం ఎవరూ కోరుకునేది కాదు. పెట్రోలు గొట్టం విప్పేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండటం, పక్కన మంటలార్పే సిలిండరు ఉండటం తప్పనిసరి.

డయల్ మీద ఆకుపచ్చ పట్టీ 17 నుంచి 22 వరకే గీశారు గాని, ఎత్తు ప్రదేశాల్లో ఉన్నవారు దాన్ని పట్టించుకోకూడదు. ఎత్తు 300 మీటర్లు పెరిగిన కొద్దీ రీడింగు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. వేగం కోసం వేరే క్యామ్ వేసిన ఇంజన్లు కూడా ఆరోగ్యంగా ఉండి కూడా తక్కువే చూపిస్తాయి. కారు బాగున్న రోజున తీసుకున్న సంఖ్యను రాసిపెట్టుకుని దానితో పోల్చుకోవడమే సరైన వాడుక. సైలెన్సరు మూసుకుపోయిందా అన్న పరీక్ష కూడా దీనితో చేయవచ్చు: ఇంజన్‌ను నిమిషానికి 2,500 చుట్టుల దగ్గర నిలిపి ఉంచితే సూది మెల్లగా దిగిపోతూ ఉంటే అనుమానించాలి. నా కారులో ఆ అవసరం పడలేదు. థ్రాటిల్‌ను గభాలున తెరిచి వదిలితే సూది సున్నా దాకా పడి, 24 దాటి ఎగిరి, మామూలు స్థానానికి రావడం రింగులు బాగున్నాయనడానికి గుర్తు. నా ఇంజన్ ఆ పరీక్షలో నెగ్గింది.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కారు గలవారికి పీడనం వైపు కొలత నిరుపయోగం. ఆ వ్యవస్థల్లో పీడనం సాధారణంగా 35 నుంచి 60 పి.ఎస్.ఐ. దాకా ఉంటుంది, 10 పి.ఎస్.ఐ. గేజ్‌ను అక్కడ తగిలిస్తే గేజ్ పగలడంతో ఆగదు, పెట్రోలు చిమ్మి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. పెట్టె మీద 'అన్ని కార్లకు' అని రాయడం అందుకే బాధ్యతలేని పని. వాక్యూమ్ వైపు మాత్రం వాటికి కూడా పనికివస్తుంది. కారు కంప్యూటరు నుంచి దోషాల కోడ్‌లు చదివే కోడ్ రీడరు ఉంటే ఇది ఎందుకన్న ప్రశ్నకు, అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి మాత్రమే తప్పనిసరి అయిన ఓ.బి.డి. ప్లగ్గు (ఆ రీడరును తగిలించే చోటు) అంతకు ముందటి చాలా కార్లలో ఉండదన్నదే జవాబు. కొనే వరుస అడిగితే టెస్ట్ ల్యాంపు, మల్టీమీటరు ముందు, ఆ తరువాత ఈ గేజ్, టైమింగ్ లైటు, చివర కంప్రెషన్ గేజ్ అంటాను. ఐదింటికి మూడున్నర ఇస్తున్నాను. ఇత్తడి టీ, పెట్రోలు గొట్టం, గేజ్‌ను ఎక్కడ తగిలించాలో చెప్పే ఒక బొమ్మ ఇచ్చి ఉంటే నాలుగున్నర ఇచ్చేవాడిని.

మూడవ సిలిండరు కోసం ఎప్పటికైనా హెడ్డు విప్పి, గట్టి లోహపు సీటు వేయించక తప్పదు. అంతవరకు నెలకొకసారి ఇంజన్ వేడెక్కాక గేజ్ తగిలించి, ఆ అర అంగుళం తొంగిచూపు ముప్పావుకు పెరిగిందేమో చూసి, తేదీతో సహా నోటుబుక్కులో రాసుకుంటున్నాను.